ఇంట్లో మనిషి పోయిన రోజుల్లో గాయపడ్డ గుర్రాన్ని చూసుకోవడం ఎలా

పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పే ఇళ్ళలో, జట్కా మీద బతికే కొద్దిపాటి ఇళ్ళలో గుర్రం సాధారణంగా ఒక్క మనిషి చేతికే అలవాటు పడి ఉంటుంది. ఎప్పుడు మేత వేయాలో, ఏ కాలు ఎత్తితే చిరాకు పడుతుందో ఆయనకే తెలుసు. ఆ మనిషి పోయాక ఇల్లంతా చుట్టాలతో, కర్మల పనులతో నిండిపోతుంది. లాయం వైపు తొంగిచూసే తీరిక ఎవరికీ ఉండదు. వేళకు మేత పడని గుర్రం తాడు తెంచుకుని ముళ్ళకంచెలో ఇరుక్కోవడం, రోడ్డెక్కి బండి కింద పడబోవడం, మేకు తొక్కడం ఎక్కువగా ఆ రోజుల్లోనే జరుగుతాయి. తండ్రో, భర్తో, అన్నో పోయి, ఆయన గుర్రం బాధ్యత ఒక్కసారిగా మీద పడ్డవారి కోసం ఇది రాస్తున్నాను.

పనిలోకి దిగే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. దుఃఖంలో ఉన్నవారి చేతులు ఊరికే ఉండలేవు. పోయినవారికి చేయలేకపోయినదంతా వారు వదిలి వెళ్ళిన ప్రాణికి చేయాలనిపిస్తుంది. గంటకోసారి కట్టు విప్పి చూస్తారు. పొద్దున ఒకరు చెప్పిన పసరు పోస్తారు, సాయంత్రం ఇంకొకరు చెప్పిన పొడి చల్లుతారు. పట్టించుకోక చెడిన గాయాలు ఎన్ని ఉన్నాయో, ఇలా అతిగా చేయి పెట్టి చెడగొట్టినవీ అన్ని ఉన్నాయి. గాయానికి కావలసింది వేళ తప్పని పని, ఒకే పద్ధతి, తగినంత ఒంటరితనం. కింద చెప్పేదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

మొదటి గంట

గుర్రం దెబ్బ తిన్నదని వినగానే పరుగెత్తుకుంటూ వెళ్ళకండి. పది అడుగుల దూరంలో ఆగి, రెండు మూడు సార్లు ఊపిరి నిదానంగా బయటికి వదలండి. తరువాత దాన్ని పేరు పెట్టి పిలుస్తూ ఎడమ భుజం వైపు నుంచి దగ్గరికి వెళ్ళండి. పోయినవారు దాన్ని ఏ పేరుతో, ఏ స్వరంతో పిలిచేవారో మీకు తెలిస్తే అదే వాడండి, తెలియకపోతే తెలిసినవారిని అడగండి. నొప్పిలో ఉన్న గుర్రం, ఎంత సాధువైనా, అలవాటు లేని చేతికి బెదురుతుంది.

ఒంటరిగా చేయవద్దు. ఒకరు హాల్టర్ (తలకు తగిలించే పట్టీ) పట్టుకుని తల దగ్గర నిలబడాలి, మీరు గాయం చూడాలి. ఇద్దరూ గుర్రానికి ఒకే వైపున ఉండాలి. గాయపడ్డ గుర్రాన్ని స్తంభానికి బిగించి కట్టకండి, వెనక్కి గుంజుకుని మరో దెబ్బ తెచ్చుకుంటుంది. కాలి దగ్గర పని చేసేటప్పుడు గొంతుకు కూర్చోండి. మోకాళ్ళు నేలకు ఆనించినా, చతికిలబడినా, అది కాలు విసిరితే తప్పుకునే వ్యవధి ఉండదు.

రక్తం కారుతుంటే ఉతికిన మందపాటి గుడ్డను మడిచి గాయం మీద గట్టిగా అదిమి పట్టుకోండి. పది పదిహేను నిమిషాలు ఎత్తి చూడకూడదు. గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకొకటి వేయండి, మొదటిది తీస్తే గడ్డకట్టిన రక్తం ఊడి వస్తుంది. ఈ పది నిమిషాలు ఎంత పొడవుగా ఉంటాయో నాకు తెలుసు, పైగా ఇంట్లో చావు చూసిన కళ్ళకు రక్తం ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. ధైర్యం కోసం ఒక లెక్క చెబుతాను. మూడు వందల యాభై కిలోల గుర్రం ఒంట్లో సుమారు 26 నుంచి 28 లీటర్ల రక్తం ఉంటుంది. ఒక లీటరు నేల మీద పారితే చూడడానికి భయంకరంగా ఉంటుంది గాని, గుర్రం తట్టుకుంటుంది. ఎర్రగా చిమ్ముతూ వస్తుంటే మాత్రం నాళం తెగినట్టు. అదిమిన చేయి తీయకుండానే డాక్టరును పిలిపించండి.

కొన్ని గాయాలు చిన్నవిగా కనిపిస్తూ ప్రాణం మీదికి తెస్తాయి. కీలు దగ్గర చిన్న రంధ్రం పడి, అందులోంచి పసుపు రంగులో, వేళ్ళకు అంటుకుంటే తీగలా సాగే ద్రవం వస్తుంటే అది కీలులోని జిగురు. ఆ రోజే డాక్టరు చూడాలి. కన్ను మూసుకుని నీళ్ళు కారుతున్నా, గుడ్డు మీద నీలి మబ్బులా పట్టినా అంతే. ఇంట్లో మిగిలిపోయిన కంటి చుక్కలు వేయకండి, వాటిలో స్టెరాయిడ్ ఉండి గుడ్డు మీద పుండు ఉంటే కన్ను పోవచ్చు. కడుపు మీద, ఛాతీ మీద లోతైన పోటు పడినా, కాలు అసలు నేల మోపకపోయినా ఆగవద్దు.

గిట్టలో మేకు దిగితే పీకేయాలని చెయ్యి ముందుకు వెళుతుంది. డాక్టరు త్వరగా రాగలిగితే దాన్ని అలాగే ఉంచండి. ఎటు దిగిందో, ఎంత లోతుకు పోయిందో అది ఉన్నప్పుడే బాగా తెలుస్తుంది. మేకు ఇంకా లోపలికి పోకుండా చుట్టూ గుడ్డలు దట్టంగా చుట్టి, గుర్రాన్ని కదలనివ్వకండి. డాక్టరు రావడం సాధ్యం కాక తీయక తప్పకపోతే, ముందు ఫోనులో ఫొటో తీసి, తీశాక ఆ రంధ్రం చోటును పెన్నుతో గుర్తు పెట్టండి. గిట్ట అడుగున రంధ్రం నిమిషాల్లో మూసుకుపోయి కనిపించదు.

డాక్టరును పిలవడం, చెప్పవలసిన అంకెలు

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పశువుల సంచార వైద్యశాలకు 1962 నంబరుకు ఫోను చేయవచ్చు. ఊళ్ళోని పశువైద్యశాలలో ఎక్కువగా చూసేది ఆవులను, గేదెలను, మేకలను. కాబట్టి గుర్రం అని, గాయం ఎక్కడని మొదటి వాక్యంలోనే చెప్పండి. కీలు, కన్ను, ఎముక దెబ్బలకు హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలోని పశువైద్య కళాశాలల ఆసుపత్రులను అడగడం మంచిది. ఆ కళాశాలల నంబర్లు గాయం తగిలే దాకా ఆగకుండా ముందే రాసి పెట్టుకోవాలి.

ఫోను చేసే ముందు మూడు కొలతలు తీసుకోండి. దవడ ఎముక కింద అంచున వేళ్ళు ఆనిస్తే పెన్సిల్ అంత నాళం తగులుతుంది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి నాడి నిమిషానికి 28 నుంచి 44 ఉంటుంది. అరవై దాటితే తీవ్రమైన నొప్పో, ఇంకేదో ప్రమాదమో ఉన్నట్టు. డొక్క ఎగిసిపడడం చూస్తే ఊపిరి తెలుస్తుంది, అది 8 నుంచి 16. ఇక జ్వరం. థర్మామీటరుకు దారం కట్టి, దారం కొసను క్లిప్పుతో తోకకు పెట్టి, మలద్వారంలో ఉంచి చూడాలి. ఆ సమయంలో తొడకు ఆనుకుని పక్కన నిలబడాలి, నేరుగా వెనక నిలబడకూడదు. 99 నుంచి 101 ఫారెన్‌హీట్ మామూలు. 102 దాటితే చెప్పండి. పై పెదవి ఎత్తి చిగురును బొటనవేలితో నొక్కి వదిలితే, తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగుకు రావాలి.

ధనుర్వాతం సూది గురించి మీరే అడగండి. మన పెంపుడు జంతువుల్లో ఆ జబ్బుకు గుర్రమంత తేలికగా లొంగేది మరొకటి లేదు. ఇంతకుముందు టీకా ఎప్పుడు వేయించారో పోయినవారికి మాత్రమే తెలిసి ఉంటే, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, వేయించలేదన్న లెక్కతోనే ఆయన మందు ఇస్తారు. తరువాత మూడు వారాల పాటు కొన్ని గుర్తుల కోసం చూస్తుండండి. కంటి లోపలి మూల నుంచి తెల్లని పొర గుడ్డు మీదికి రావడం, తోక కొద్దిగా పైకి లేచి బిగుసుకోవడం, దవడ తెరవలేకపోవడం, కాళ్ళు చాచి కర్రల్లా నిలబడడం కనిపిస్తే అర్ధరాత్రి అయినా ఫోను చేయండి.

కడగడం

కుట్లు వేయవలసిన గాయమైతే ఆరు నుంచి ఎనిమిది గంటల్లోపు వేస్తే బాగా అతుకుతుంది. అందుకే డాక్టరు వచ్చే దాకా గాయాన్ని శుభ్రంగా, తేమగా ఉంచడమే మీ పని. ఏ మందూ, లేపనమూ పూయకండి.

లీటరు నీళ్ళు బాగా మరిగించి చల్లార్చి, అందులో తొమ్మిది గ్రాముల ఉప్పు, అంటే చిన్న చెంచాతో తలకొట్టి సుమారు రెండు చెంచాలు, కలపండి. పెద్ద సిరంజితోనో, మూతకు రంధ్రాలు చేసిన నీళ్ళ సీసాతోనో ఆ నీటిని గాయం మీద ధారగా కొట్టండి. దుమ్ము, గడ్డి పరకలు, వెంట్రుకలు కొట్టుకుపోయే దాకా, ఒకటి రెండు లీటర్లు కూడా పట్టవచ్చు. పోవిడోన్ అయోడిన్ అనే క్రిమినాశక మందు కలపాలనుకుంటే పది శాతం సీసా నుంచి లీటరుకు పది మిల్లీలీటర్లు చాలు. నీరు పలచటి టీ రంగులో ఉండాలి, చిక్కగా పోస్తే కొత్తగా పుట్టే కండ మాడిపోతుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, కిరోసిన్, వాడిన ఇంజిన్ నూనె, సున్నం ఏవీ తెరిచిన గాయంలో పోయకూడదు. పసుపు మీద మనకు నమ్మకం ఉంది, కాదనను. కాని లోతైన గాయంలో పొడి కూరితే అది ఉండ కట్టి, మట్టిలాగే లోపల మిగిలిపోతుంది. కుట్లు వేసే డాక్టరు ముందుగా దాన్ని గీకి తీయవలసి వస్తుంది.

చుట్టూ వెంట్రుకలు కత్తిరించే ముందు గాయంలో తడి గాజుగుడ్డ పెట్టండి, తెగిన వెంట్రుకలు లోపల పడవు. కాలు వాచి ఉంటే గాయం లేని భాగంలో చల్లటి నీళ్ళు సన్నటి ధారగా పది పదిహేను నిమిషాలు, మొదటి రెండు రోజులు పూటకోసారి పట్టవచ్చు.

నొప్పికి మనుషుల బిళ్ళలు వేయకండి. పశువుల వైద్యంలో డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును మన దేశం 2006లో నిషేధించింది. ఆ మందు ఒంట్లో ఉన్న కళేబరాలను తిని రాబందులు మూత్రపిండాలు చెడి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. గుర్రానికి ఏ నొప్పి మందు, ఎంత బరువుకు ఎంత అన్నది డాక్టరు తేల్చవలసిందే. మోతాదు మించితే దాని కడుపులో, పేగుల్లో పుండ్లు పడతాయి.

కట్టు కట్టడం

తలకు, మెడకు, ఒంటికి తగిలిన గాయాలు కట్టు లేకుండానే త్వరగా మానుతాయి, అక్కడ రక్తం బాగా ఆడుతుంది. మోకాలి కింద అంతా చర్మం, నరాలు (కండను ఎముకకు కట్టే తాళ్ళ లాంటివి), ఎముకే. కండ లేదు. అక్కడి గాయాలే నెలలు తీసుకుంటాయి, అక్కడే కట్టు అవసరం.

మూడు పొరలు వేయాలి. గాయానికి అంటుకోని మందు గాజుగుడ్డ మొదటిది. దాని మీద చుట్ట దూది, వేలెడు మందాన, ముడతలు లేకుండా. ఆ పైన క్రేప్ బ్యాండేజీ. పై నుంచి చూసినప్పుడు ఎడమ కాలికి గడియారం ముల్లు తిరిగే దిశకు వ్యతిరేకంగా, కుడి కాలికి గడియారం దిశలో చుట్టండి. ఒక్కో చుట్టు ముందు చుట్టులో సగాన్ని కప్పాలి. బ్యాండేజీ అంచుకు పైనా కిందా అంగుళం దూది కనిపించాలి, అంచు నేరుగా చర్మాన్ని కోయకూడదు. చివర ఒక వేలు బిగుతుగా దూరేంత సందు ఉంటే సరిపోయినట్టు. బిగుతు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయితే కాలి వెనక నరం నలిగి, అసలు గాయం మానినా కుంటు మిగులుతుంది. ఇది రాసి నేర్పలేని పని. మొదటి రెండు కట్లు డాక్టరో, కాంపౌండరో కడుతుంటే పక్కన కూర్చుని చూసి, మూడోది వారి ఎదుట మీరు కట్టండి.

రెండో కాలికీ కట్టు కట్టాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు. దెబ్బ తిన్న కాలి బరువంతా పక్క కాలు మోస్తుంది. రోజుల తరబడి మోస్తే ఆ గిట్ట లోపలి పొర వాచి ఎముక పట్టు సడలుతుంది. అమెరికాలో కెంటకీ డెర్బీ గెలిచిన బార్బారో అనే గుర్రం 2006 మే నెలలో కాలు విరిగి, గొప్ప శస్త్రచికిత్సతో కోలుకుంటూ ఉండగా, ఈ గిట్టల జబ్బే పట్టుకుని, చివరికి 2007 జనవరిలో డాక్టర్లు దాన్ని నొప్పి లేకుండా పోనివ్వవలసి వచ్చింది. బాగున్న గిట్టలను కూడా రోజూ అరచేతితో తాకి చూడండి. ఒక గిట్ట తక్కిన వాటికంటే వేడిగా ఉండి, గుర్రం బరువును అస్తమానం మార్చుకుంటుంటే వెంటనే చెప్పండి. కింద మెత్తగా, జానెడు మందాన పొట్టో, వరిగడ్డో పరచండి.

ఇక కట్టు ఎప్పుడు విప్పాలి? డాక్టరు చెప్పిన రోజున. మామూలుగా రెండు మూడు రోజులకోసారి. కట్టు తడిసినా, జారినా, దుర్వాసన వచ్చినా, పైనో కిందో వాపు కనిపించినా, గుర్రం కట్టును కొరుకుతున్నా ముందే విప్పాలి. ఇవేవీ లేకుండా, మీకు తోచనందువల్ల మాత్రం విప్పకండి. తోచని చేతులకు జూలు దువ్వే పని ఇవ్వండి, మెడ రుద్దే పని ఇవ్వండి. భుజాలకు పైన, జూలు మొదలయ్యే చోట గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కుంటాయి. అక్కడ వేళ్ళతో నిదానంగా గీరితే తల దించి, కింది పెదవి వేలాడదీస్తుంది. దానికీ మీకూ ఆ కాసేపు మందు లాంటిదే.

గోడకు ఒక క్యాలెండరు

చావు జరిగిన ఇంట్లో జ్ఞాపకం పని చేయదు. ఉదయం సూది వేయించామా లేదా అన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. ఇద్దరు వేర్వేరుగా ఒకే మందు రెండుసార్లు ఇచ్చేయడమూ జరుగుతుంది. మీ బుర్రను నమ్ముకోకండి. తిథులు, వర్జ్యాలు ఉండే పెద్ద గడుల క్యాలెండరు ఒకటి లాయం గోడకు తగిలించి, దారంతో పెన్ను కట్టండి. ప్రతి గడిలో జ్వరం ఎంత, మందు ఏ వేళకు ఎవరు ఇచ్చారు, నీళ్ళు ఎన్ని బకెట్లు తాగింది, లద్దె ఎన్నిసార్లు వేసింది రాయండి. ఆరోగ్యంగా ఉన్న గుర్రం రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు లద్దె వేస్తుంది. మూడు నాలుగుకు తగ్గితే కడుపు కదలడం లేదు. గుర్రం వాంతి చేసుకోలేదు కనుక దాని కడుపు నొప్పి తేలికది కాదు. డొక్క వైపు తిరిగి చూసుకుంటున్నా, నేలను గీకుతున్నా, పొర్లుతున్నా డాక్టరుకు ఫోను చేయడమే.

ఆ రోజు బిళ్ళలన్నీ ఉదయమే మూడు కాగితం పొట్లాల్లో కట్టి, పూట రాసి పెట్టండి. పొట్లం ఖాళీగా ఉంటే మందు పడినట్టు. కర్మ చేసేవారు మీరే అయితే పదో రోజు, పదకొండో రోజు, పన్నెండో రోజు తెల్లవారుజాము నుంచి మీకు ఊపిరి సలపదు. ఆ మూడు రోజుల పూటలు ఎవరివో ముందే క్యాలెండరులో పేరు రాయించుకోండి.

మేత వేళలు పోయినవారు పాటించినవే ఉంచండి. ఆయన తెల్లవారుజామున నాలుగున్నరకు గడ్డి వేసేవారైతే మీరూ అప్పుడే వేయండి. ఆ వేళకు గుర్రం గేటు వైపు చెవులు నిక్కించి చూడడం మీ కంట పడుతుంది. తట్టుకోవడం కష్టమే. ఆయన కండువా ఒకటి ఉతకకుండా ఉంచి, కొన్నాళ్ళు భుజాన వేసుకుని దాని దగ్గరికి వెళ్ళండి. గుర్రానికి వాసనే పెద్ద పరిచయం.

మేత

నిలబెట్టిన గుర్రానికి పని చేసే గుర్రం దాణా పెట్టకూడదు. జాలితో ఉలవ గుగ్గిళ్ళు, శనగలు, బెల్లం ఎక్కువ పెట్టేవారు చాలామంది, ముఖ్యంగా చూడడానికి వచ్చిన చుట్టాలు. కదలిక లేనప్పుడు ఆ బలమంతా పేగులకు, గిట్టలకు చేటు చేస్తుంది. గింజలు నాలుగైదు రోజుల్లో క్రమంగా సగానికో, అంతకంటే తక్కువకో తగ్గించి, ఆ లోటు మంచి ఎండుగడ్డితో, పచ్చగడ్డితో నింపండి. మూడు వందల యాభై కిలోల గుర్రానికి రోజుకు ఆరేడు కిలోల ఎండుగడ్డి, ఒకేసారి కాకుండా నాలుగైదు సార్లుగా. బూజు వాసన వచ్చే గడ్డి పారేయండి. నీళ్ళు పాతిక లీటర్లకు తగ్గకుండా, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ, ఎప్పుడూ అందేలా ఉండాలి. పక్కన ఒక మేకనైనా కట్టండి, ఒంటరిగా నిలబడే గుర్రం దిగులు పడి మేత మానేస్తుంది.

మీ సంగతి

లాయంలోకి వెళ్ళే ముందు మీరు ఏదైనా తినండి. ఇది సలహాగా చెప్పడం లేదు, హెచ్చరికగా చెబుతున్నాను. ఆకలితో, నిద్ర లేక ఉన్న మనిషి చేతి పట్టు, చూపు రెండూ నెమ్మదిస్తాయి, తన్ను తగిలేది అప్పుడే.

ఏడుపు వస్తే రానివ్వండి. గుర్రం భుజం పక్కన నిలబడి, మెడ మీద చేయి వేసి ఏడవండి. అది తల తిప్పి వాసన చూస్తుంది, బెదరదు. వెనక కాళ్ళ దగ్గర కట్టు కడుతుండగా దుఃఖం పొంగితే మాత్రం పని ఆపి, లేచి, భుజం దగ్గరికి వచ్చేయండి. మిగిలిన కట్టు ఐదు నిమిషాల తరువాత కట్టవచ్చు.

పరామర్శకు వచ్చేవారు ఏం మాట్లాడాలో తెలియక గుర్రం గురించి సలహాలు చెబుతారు. వారి మనసు మంచిదే. సలహాకు బదులు పని ఇవ్వండి: రెండు బకెట్ల నీళ్ళు, లాయం ఊడవడం, మందుల షాపుకు వెళ్ళి రావడం, రాత్రి పది గంటలకు ఒకసారి చూసి రావడం. కట్టు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. కట్టే చేయి ఒకటే ఉండాలి.

“ఆయన ఉంటే దీనికి ఇలా అయ్యేదా” అనే మాట ఎవరో ఒకరు అంటారు, లేకపోతే మీ లోపలి నుంచే వస్తుంది. ముళ్ళకంచె, మేకు, రోడ్డు ఆయన ఉన్నప్పుడూ ఉన్నాయి. దినాలు తీరక ముందే గుర్రాన్ని అమ్మేయమని ఒత్తిడి పెట్టేవారికి, అది నడిచే దాకా ఆ మాట ఎత్తవద్దని గట్టిగా చెప్పండి. కుంటుతున్న గుర్రానికి వచ్చే బేరం కసాయి బేరమే.

రాత్రుళ్ళు నిద్ర పూర్తిగా పోయినా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వ టెలీమానస్ సేవ, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. అంత దాకా రానప్పుడు కూడా చేయవచ్చు.

ఈగలు, ఎదిగే కండ, మానని పుండు

ఈగ వాలిన గాయంలో పురుగు పడుతుంది. వేపనూనె గాయం చుట్టూ వెంట్రుకల మీద రాయాలి, లోపల పోయకూడదు. లద్దె రోజుకు రెండుసార్లు ఎత్తి దూరంగా వేయండి. పురుగు కనిపిస్తే కర్పూరమో, పురుగుల మందో మీరే కూరకుండా డాక్టరుతో తీయించండి.

కాలి గాయంలో ఎర్రటి, గరుకైన కొత్త కండ పుడుతుంటే మంచి గుర్తే. అది చుట్టూ ఉన్న చర్మం మట్టాన్ని దాటి, పుట్టగొడుగులా పైకి ఉబికితే చర్మం దాని మీదికి ఎక్కలేదు. మైలుతుత్తంతో కాల్చే పద్ధతి ఊళ్ళలో ఉంది, అది మంచి కండనూ తినేస్తుంది. ఆ కండలో నొప్పి తెలిసే నరాలు ఉండవు కనుక డాక్టరు బ్లేడుతో చెక్కేస్తారు, రక్తం బాగా కారుతుంది, భయపడకండి.

ఇంకొకటి మరువకండి. ఎన్నాళ్ళకూ మానని పుండ్లు, కాలి చర్మం కింది నాళాల వెంట వరుసగా గడ్డలు లేచి పగిలి జిగురు చీము కారడం, ముక్కు నుంచి చిక్కటి చీమిడి రావడం కనిపిస్తే అది దెబ్బ గాయం కాకపోవచ్చు. గ్లాండర్స్ అనే జబ్బు అలా ఉంటుంది, మనుషులకూ అంటుకుని ప్రాణం తీస్తుంది. చేతికి తొడుగులు లేకుండా ముట్టకండి, పిల్లలను దూరంగా ఉంచండి, పశుసంవర్ధక శాఖకు చెప్పండి. రక్తపు నమూనాను హర్యానా హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో పరీక్షిస్తారు.

ఇక లేదని డాక్టరు చెబితే

కొన్ని విరుగుళ్ళు అతకవు. మందు వేసినా నొప్పి తగ్గక, మేత ముట్టక, పడుకుని లేవలేక గుర్రం అలమటిస్తుంటే డాక్టరు దాన్ని నొప్పి లేకుండా పోనివ్వడం గురించి మాట్లాడతారు. ఒక చావు చూసిన వెంటనే రెండోదానికి తల ఊపడం మనిషికి చాలా పెద్ద శిక్ష. ఇంకో డాక్టరును అడగండి, ఆ హక్కు మీకుంది. అయితే ఆయన జ్ఞాపకంగా ఇదొక్కటే మిగిలిందన్న కారణంతో దాన్ని నిలబెట్టి ఉంచకండి. ఆ రోజు మీతో ఒక మనిషి ఉండాలి. తల దగ్గర నిలబడతారా, బయట ఉంటారా అన్నది మీ ఇష్టం, ఎవరూ తప్పుపట్టకూడదు. పంచాయతీకో, మున్సిపాలిటీకో ముందే చెప్పి జేసీబీతో లోతైన గొయ్యి తీయించండి. మత్తు మందుతో పోయిన గుర్రాన్ని కుక్కలకు, పక్షులకు అందకుండా పూడ్చాలి, ఆ మాంసం వాటినీ చంపుతుంది.

మళ్ళీ పనిలోకి

కట్లు విప్పేశాక మొదటి వారం తాడు పట్టుకుని గట్టి నేల మీద ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు నడిపించండి. డాక్టరు సరేనంటే వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచండి. నడిపిన మర్నాడు ఉదయం కాలు వాచిందా, తల పైకీ కిందికీ ఊపుతూ నడుస్తోందా చూడండి. ముందు కాలు నొప్పి ఉంటే ఆ కాలు మోపినప్పుడు తల పైకి లేస్తుంది. అలా కనిపిస్తే వెనక్కి వెళ్ళి, పోయిన వారం లెక్కే మళ్ళీ నడిపించండి.

ముహూర్తాల కాలం తోసుకొస్తుంది. పోయినవారు తీసుకున్న అడ్వాన్సులు ఉంటాయి, ఇంట్లో డబ్బు ఉండదు. ఆయన ఫోనులోనో, చిట్టా పుస్తకంలోనో ఉన్న పెళ్ళివారికి గుర్రం దెబ్బ తిన్నదని మీరే ముందుగా ఫోను చేసి, ఇంకో గుర్రం ఉన్నవారిని చూపించండి, మిగిలిన డబ్బు కొంచెం కొంచెంగా తిరిగి ఇస్తామని చెప్పండి. చావు ఇల్లని తెలిశాక ఒప్పుకునేవారే ఎక్కువ. గాయంతో పనికిరాని స్థితిలో ఉన్న జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం కూడా. మానిన తరువాత మొదటి ఊరేగింపు చిన్నది ఒప్పుకోండి, డీజే పెట్టెలు, బాణసంచా లేనిది, కిలోమీటరు లోపు. అంతకు ముందు జీను కట్టి ఖాళీగా వీధిలో రెండు మూడు రోజులు తిప్పండి. నెలల తరబడి నిలబడ్డ గుర్రం వీపు కండ తగ్గి, పాత జీను వదులై రాసుకుంటుంది, జీను కింద ఇంకో దుప్పటి మడత వేయవలసి రావచ్చు. లాడాలు కూడా అప్పుడే కొత్తవి కొట్టించండి.